బ్రూనో నేరుగా డాలస్‌లో దిగలేడు

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. మావారు ఆరు నెలల క్రితం ఉద్యోగం మీద డాలస్ వెళ్లారు. నేనూ పాపా నవంబర్ 8న బయల్దేరుతున్నాం. దోహా మీదుగా డాలస్‌కి టికెట్లు కూడా తీసేశాం. మా బ్రూనో నాలుగేళ్ల లాబ్రడార్, 31 కిలోలు. వాణ్ని వదిలి వెళ్లలేం. రేబిస్ టీకా ఏటా వేయిస్తున్నాం, చివరిది మొన్న జూన్‌లో వేశారు. ఆగస్టులో మైక్రోచిప్ పెట్టించాం. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంటే చాలన్నారు మా డాక్టరు గారు. 2019లో తమ కుక్కను తీసుకెళ్లిన మా బంధువులు కూడా టీకా పుస్తకం చూసి పంపేశారని చెప్తున్నారు. ఇంకేమైనా కావాలా? దారిలో వాడికి నిద్రమాత్ర ఇవ్వొచ్చా? అక్కడ కస్టమ్స్‌లో పన్ను కట్టాలా?

సమాధానం: ముందు రెండు ముఖ్యమైన సంగతులు చెప్పేస్తాం, ఎందుకంటే మిగతావన్నీ వీటి మీదే ఆధారపడి ఉన్నాయి. నవంబర్ 8న బ్రూనో మీతో బయల్దేరడం కుదరదు. ఏ రోజు బయల్దేరినా వాడు నేరుగా డాలస్‌లో దిగడం కూడా కుదరదు. కంగారు పడకండి, వాణ్ని వదిలి వెళ్లాల్సిన అవసరం లేదు. దాదాపు నెల ఆలస్యంగా, వేరే ఊరి మీదుగా వస్తాడు, అంతే. ఈ వారమే పని మొదలుపెడితే డిసెంబర్ మొదటి వారానికి మీ దగ్గర ఉంటాడు.

మీ బంధువులు చెప్పింది అబద్ధం కాదు. 2019లో అలాగే ఉండేది. అమెరికాలో కుక్కల నుంచి కుక్కలకు పాకే రకం రేబిస్‌ను పూర్తిగా తుడిచేశామని 2007లో ప్రకటించారు. అది మళ్లీ లోపలికి రాకూడదని అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 జూలైలో రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల నుంచి కుక్కల రాకను తాత్కాలికంగా ఆపేసింది. 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. ఆ ముప్పు దేశాల జాబితాలో మన దేశం ఉంది. కాబట్టి అంతకుముందు వెళ్లినవాళ్ల అనుభవం ఇప్పుడు మీకు పనికిరాదు. జర్మనీ నుంచో జపాన్ నుంచో కుక్కను తెచ్చుకున్నవాళ్ల మాట కూడా అంతే. వాళ్లకు వర్తించే నిబంధనలు వేరు.

ఇప్పుడు అసలు చిక్కు. జూన్‌లో టీకా, ఆగస్టులో చిప్ అని రాశారు. ఆ వరుస తిరగబడింది. చిప్ ముందు ఉండాలి, టీకా తర్వాత పడాలి. టీకా వేసిన రోజున ఆ కుక్క ఇదేనని రుజువు చేసేది చిప్ నంబరే. చిప్ లేనప్పుడు వేసిన టీకా ఏ కుక్కకు వేశారో తేల్చలేం కాబట్టి సీడీసీ దాన్ని లెక్కలోకి తీసుకోదు. బ్రూనోకి పసితనం నుంచి వేసిన టీకాలన్నీ ఆరోగ్యపరంగా పనిచేసినవే, కాగితం మీద మాత్రం ఒక్కటీ చెల్లదు. మన దగ్గర ప్రయాణాలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ప్రయాణం ఖాయమయ్యాక చిప్ గుర్తొస్తుంది, అప్పటికి టీకా పడి ఉంటుంది.

కాబట్టి మళ్లీ రేబిస్ టీకా వేయించండి. జూన్‌లోనే వేశాం కదా అని డాక్టరు సందేహిస్తే చిప్ సంగతి చెప్పండి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మూడు నెలల్లో మరో రేబిస్ డోసు పడినా మామూలుగా ఇబ్బంది ఉండదు.

ఆ రోజు క్లినిక్‌లో జరగాల్సింది ఇదీ. సూది తీయకముందే డాక్టరు స్కానర్‌ను బ్రూనో భుజాల మధ్య, మెడ ఎడమ పక్కన నెమ్మదిగా తిప్పాలి. చిప్ కొన్నిసార్లు చర్మం కింద కాస్త జారి భుజం వైపు దిగుతుంది, అక్కడ కూడా చూడమనండి. స్కానర్ తెర మీద 15 అంకెల నంబరు రావాలి. అది 356తో మొదలైతే మన దేశపు సంకేతం, 9తో మొదలైతే తయారీదారు సంకేతం. రెండూ చెల్లుతాయి. పది అంకెలో, తొమ్మిది అంకెలో వస్తే అది పాత రకం చిప్, పనికిరాదు. అంతర్జాతీయ ప్రమాణాల (ఐఎస్ఓ) ప్రకారం తయారైన 15 అంకెల చిప్ ఇంకొకటి పెట్టించి ఆ తర్వాతే టీకా వేయించాలి. తెర మీది నంబరును ఫోన్‌లో ఫొటో తీసుకోండి. చిప్‌తో పాటు ఇచ్చిన బార్‌కోడ్ స్టిక్కర్‌తో అంకె అంకె సరిచూసుకోండి. తర్వాత టీకా మందు సీసా మీది స్టిక్కర్‌ను పుస్తకంలో అంటించమనండి. రక్షారాబ్ అయినా, నోబివాక్ అయినా, ఏ కంపెనీదైనా సరే, తయారీదారు పేరు, బ్యాచ్ నంబరు, మందు గడువు తేదీ కనబడాలి. ఆ స్టిక్కర్ మీద డాక్టరు ముద్ర పడి బ్యాచ్ నంబరు అలుక్కుపోతే తర్వాత ఫారం నింపేటప్పుడు తల పట్టుకోవాల్సి వస్తుంది. ముద్ర పక్కన వేయమని ముందే చెప్పండి.

మందు గడువు తేదీ వేరు, టీకా మళ్లీ వేయాల్సిన తేదీ వేరు. ఫారంలో రెండూ అడుగుతారు, చాలామంది ఒకదాని చోట ఇంకొకటి రాసేస్తారు.

టీకా తర్వాత రక్తపరీక్ష. దీన్ని మన క్లినిక్‌లలో టైటర్ టెస్ట్ అంటారు. టీకా వల్ల ఒంట్లో ప్రతిరక్షకాలు తగినంత పుట్టాయా లేదా అన్నది చూస్తారు. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు లేదా అంతకంటే ఎక్కువ రావాలి. చిప్ పెట్టాక వేసిన మొదటి టీకా నుంచి కనీసం 30 రోజులు గడిచాకే రక్తం తీయాలి. రక్తం తీసిన రోజు నుంచి అమెరికాలో దిగే రోజుకు కనీసం 28 రోజుల ఎడం ఉండాలి. 29వ రోజున రక్తం తీశారంటే అంకె ఎంత బాగా వచ్చినా ఆ పరీక్ష వృథా. అలాగని మరీ ఆలస్యం చేసినా మంచిది కాదు. ప్రతిరక్షకాలు టీకా పడ్డ నాలుగైదు వారాల్లో బాగా పెరిగి తర్వాత మెల్లగా తగ్గుతాయి. 30 నుంచి 35 రోజుల మధ్య తీయించండి. జీవితంలో ఒకే ఒక్క టీకా పడిన కుర్ర కుక్కలు ఈ పరీక్షలో తప్పే అవకాశం ఉంది. బ్రూనోకి నాలుగేళ్లుగా టీకాలు పడుతున్నాయి కాబట్టి వాడి విషయంలో దిగులు అక్కర్లేదు. కాగితం మీద చెల్లని ఆ పాత టీకాలు ఇక్కడ వాడికి అక్కరకొస్తాయి.

ఈ పరీక్ష ఎక్కడ పడితే అక్కడ చేయిస్తే ఒప్పుకోరు. సీడీసీ గుర్తించిన ల్యాబ్‌ల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఆ జాబితాలోని ల్యాబ్‌కే నమూనా వెళ్లాలి. పది నిమిషాల్లో ఫలితం చూపించే కిట్‌లు లెక్కకు రావు. వెళ్లాల్సింది రక్తం కాదు, అందులోంచి వేరు చేసిన సీరం, ఒకటి రెండు మిల్లీలీటర్లు. రక్తం తీశాక గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైకి తేరిన లేత పసుపు ద్రవాన్ని వేరే గొట్టంలోకి తీస్తారు. అది ఎర్రగా ఉందంటే కణాలు చితికిపోయాయని అర్థం. అలాంటి నమూనాను ల్యాబ్ తిప్పికొట్టొచ్చు, పంపించే ముందే మళ్లీ తీయించుకోవడం మేలు. గొట్టం మీద, ల్యాబ్ ఫారం మీద చిప్ నంబరు ఉండాలి. రిపోర్టులో చిప్ నంబరు లేకపోతే అది ఎవరి రిపోర్టూ కాదు.

ఇప్పుడు తేదీలు వేసి చూడండి. సెప్టెంబర్ 15న టీకా వేయిస్తే, అక్టోబర్ 15 రక్తం తీయగల మొదటి రోజు. దానికి 28 రోజులు కలిపితే నవంబర్ 12. అంటే అన్నీ సవ్యంగా జరిగినా నవంబర్ 8 కుదరదు. పైగా సీరం విదేశానికి చేరి, ఫలితం రావడానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఆ ఫలితం చూపిస్తేనే అమెరికాలో కుక్క దిగాల్సిన కేంద్రంలో చోటు దొరుకుతుంది. నవంబర్ నాలుగో గురువారం అక్కడ థాంక్స్‌గివింగ్ పండగ. ఆ వారం ఆఫీసులు సరిగ్గా పనిచేయవు, విమానాలు కిక్కిరిసి ఉంటాయి. అందుకే డిసెంబర్ మొదటి వారం అంటున్నాం.

డాలస్ సంగతి. ముప్పు దేశంలో టీకా వేయించుకున్న కుక్క సీడీసీ దగ్గర నమోదైన జంతు సంరక్షణ కేంద్రం ఉన్న విమానాశ్రయంలోనే దిగాలి. అవి అట్లాంటా, లాస్ ఏంజలెస్, మయామి, న్యూయార్క్ జేఎఫ్‌కే, ఫిలడెల్ఫియా, వాషింగ్టన్ డల్లెస్. మన తెలుగువాళ్లు అంతమంది ఉన్న డాలస్ ఇందులో లేదు, హ్యూస్టన్ లేదు, చికాగో లేదు, శాన్‌ఫ్రాన్సిస్కో లేదు. జాబితా మారొచ్చు, బుక్ చేసే రోజున సీడీసీ పేజీలో మరోసారి చూసుకోండి. డాలస్‌లో దించితే కుక్కను లోపలికి రానివ్వకుండా మీ ఖర్చుతో వెనక్కి పంపేస్తారు. కెనడాకో మెక్సికోకో తీసుకెళ్లి కారులో సరిహద్దు దాటిద్దామనే ఆలోచనా వద్దు. ఇలాంటి కుక్కలు విమానంలోనే, ఆ విమానాశ్రయాల్లోనే దిగాలి.

మీకు అట్లాంటా అనువుగా ఉంటుంది. అక్కడి నుంచి డాలస్‌కు రోడ్డు మీద సుమారు 1,250 కిలోమీటర్లు, పన్నెండు గంటల డ్రైవ్. మీవారు ఒక వారాంతం పెట్టుకుంటే కారులో తెచ్చుకోవచ్చు. అంత దూర ప్రయాణం తర్వాత ఇంకో విమానం ఎక్కించడం కన్నా వాడికి అదే నయం.

ఆ కేంద్రంలో చోటు మీరే ముందుగా బుక్ చేసుకోవాలి. టైటర్ రిపోర్టు, టీకా ఫారం పంపితే వాళ్లు చూసి ఖాయం చేస్తారు. కుక్క దిగాక అక్కడి పశువైద్యులు పరీక్షిస్తారు, చిప్ స్కాన్ చేస్తారు, అమెరికాలో లైసెన్సు ఉన్న రేబిస్ టీకా మళ్లీ వేస్తారు. టైటర్ సరిగ్గా ఉంటే ఆ పని ముగిశాక వదిలేస్తారు. టైటర్ లేకుండా వెళ్తే 28 రోజులు అక్కడే క్వారంటైన్‌లో ఉంచాలి, ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. తొందరపడి ఆ దారి పట్టకండి. నెల రోజులు బోనులో ఉండే బదులు ఆ నెల మీ అమ్మగారి ఇంట్లో ఉంటే వాడికి హాయి.

ఇక కాగితాలు. ముఖ్యమైనవి రెండు. ఒకటి, విదేశంలో వేసిన రేబిస్ టీకా, మైక్రోచిప్ వివరాల ధ్రువీకరణ ఫారం. ఇది సీడీసీ సొంత నమూనా. మీ డాక్టరు నింపి సంతకం చేస్తారు, దాని మీద ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరణ పడాలి. ప్రైవేటు క్లినిక్ ముద్ర ఒక్కటీ సరిపోదు. రెండోది సీడీసీ డాగ్ ఇంపోర్ట్ ఫారం, ఆన్‌లైన్‌లో ఉచితంగా నింపాలి. కుక్క ముఖం, ఒళ్లు స్పష్టంగా కనబడే ఫొటో పెట్టాలి. నింపాక వచ్చే రసీదు ఎయిర్‌లైన్‌కు చూపిస్తేనే ఎక్కిస్తారు. దిగే తేదీ గానీ విమానాశ్రయం గానీ మారితే ఫారం మళ్లీ నింపాలి, పాత రసీదుతో బయల్దేరొద్దు. అన్నట్టు, దిగే రోజుకు కుక్క వయసు కనీసం ఆరు నెలలు నిండాలి. బ్రూనోకి ఆ బాధ లేదు గానీ, ఇక్కడి నుంచి కూన పిల్లను తీసుకెళ్దామనుకునే మిగతా పాఠకులు గుర్తుంచుకోండి.

తేదీల గురించి ఒక్క మాట. మనం 05-10 అని రాస్తే అక్టోబర్ 5. అమెరికాలో చదివేవాళ్లకు అది మే 10. రక్తం టీకా కంటే ముందే తీసినట్టు కనబడిందంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. టీకా పుస్తకం, ల్యాబ్ ఫారం, ధ్రువీకరణ ఫారం, అన్నిట్లోనూ నెల పేరు అక్షరాల్లో రాయించండి. చిప్ నంబరు మీరు చెప్తుంటే ఎదుటివాళ్లు రాసుకోవడం కూడా వద్దు. బార్‌కోడ్ స్టిక్కర్ ఎదురుగా పెట్టి, రాశాక వెనక నుంచి ముందుకు ఒకసారి చదవండి. వరుసగా మూడు సున్నాలున్న చోట ఒకటి జారిపోవడం చాలా మామూలు.

మన దేశం విడిచి వెళ్లడానికి కేంద్ర పశుసంవర్ధక శాఖ కింద ఉన్న ఏక్యూసీఎస్ (జంతువుల క్వారంటైన్, ధ్రువీకరణ విభాగం) ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. శంషాబాద్‌లో వాళ్ల కేంద్రం ఉంది. మీ పాస్‌పోర్టు, వీసా, కుక్క ప్రయాణ బుకింగ్, టీకా పుస్తకం, టైటర్ రిపోర్టు, మీ డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పట్టుకుని, ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని, కుక్కను వెంటబెట్టుకుని వెళ్లాలి. కుక్కను చూడకుండా ఇవ్వరు. మీ డాక్టరు చాలన్న ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఈ కట్టలో ఒక కాగితం మాత్రమే. సీడీసీ ఫారం మీద ధ్రువీకరణ సంతకం కూడా అక్కడే చేస్తారా, ఎప్పుడు తీసుకురావాలి అన్నది టైటర్ ఫలితం రాగానే ఫోన్ చేసి కనుక్కోండి, చివరి వారానికి వదలొద్దు.

అదే రోజు ఇంకో మాట కూడా రాయించుకోవాలి. అమెరికా వ్యవసాయ శాఖకు భయం స్క్రూవార్మ్ అంటే. ఇది గాయాల్లో గుడ్లు పెట్టే ఈగ. మన ఊళ్లలో పుండులో పురుగులు పడ్డాయంటామే, అలాంటి పురుగు ఇది. మామూలు పురుగు చచ్చిన కండను తింటుంది, ఇది బతికున్న కండను తొలుస్తుంది. కుక్కను పరీక్షించాం, అలాంటి పురుగు లేదు అని ప్రభుత్వ పశువైద్యాధికారి బయల్దేరే ముందు 5 రోజుల లోపు రాసిచ్చిన పత్రం కావాలి. అందుకని శుక్రవారం రాత్రి ఫ్లైట్ అయితే మంగళ, బుధవారాల్లో ఏక్యూసీఎస్‌కు వెళ్లండి. సోమవారం ఫ్లైట్ అయితే మధ్యలో శని, ఆదివారాలు అడ్డొస్తాయి కాబట్టి వారం చివర్లో ఫ్లైట్ చూసుకోవడమే తేలిక. చెవి మడతల్లో, పంజాల మధ్య చిన్న గాయాలుంటే వారం ముందే మాన్పించండి.

మన పశువుల్లో గాలికుంటు వ్యాధి ఉంది కాబట్టి దాని మీదా షరతులున్నాయి. కుక్క పాదాలకు, వెంట్రుకలకు మట్టి, పేడ, గడ్డి అంటి ఉండకూడదు. క్రేట్‌లో, అంటే కుక్క విమానంలో కార్గోగా ప్రయాణించే పెట్టెలో, వరిగడ్డి పరవకూడదు, పాత తువ్వాలో దుప్పటో వేయండి. అక్కడ దిగాక ఆ గుడ్డను పారేసి, ఇంటికి చేరగానే స్నానం చేయించాలి, 5 రోజులు పశువుల దగ్గరకు వెళ్లనివ్వకూడదు.

క్రేట్ గురించి కాస్త ఓపిగ్గా చదవండి, డబ్బూ వాడి సుఖమూ రెండూ దీని మీదే ఉన్నాయి. బ్రూనోని గోడ పక్కన నిలబెట్టి నాలుగు కొలతలు తీయండి: ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా, నేల నుంచి ముందుకాలి మోచేయి దాకా, భుజాల వెడల్పు, నిలబడ్డప్పుడు తల ఎత్తు. మొదటి దానికి రెండో దానిలో సగం కలిపితే క్రేట్ లోపలి పొడవు. భుజాల వెడల్పుకి రెట్టింపు దాని వెడల్పు. తల ఎత్తుకి లోపల వేసే గుడ్డ మందం కలిపితే క్రేట్ ఎత్తు. లాబ్రడార్‌కు పొడవు 90 సెంటీమీటర్లు, మోచేయి 30 అనుకుంటే 105 సెంటీమీటర్ల క్రేట్ కావాలి. షాపులో లాబ్‌కి ఇది చాలండీ అని ఇచ్చే 40 అంగుళాల క్రేట్ 102 దగ్గర ఆగిపోతుంది. కార్గో కౌంటర్ దగ్గర టేపు పెట్టి కొలిచినప్పుడు ఆ మూడు సెంటీమీటర్ల కోసం కుక్కను వెనక్కి తీసుకెళ్లమంటారు. దాని పై సైజు 48 అంగుళాలది.

ఛార్జీ కూడా తూకం మీద కాక పరిమాణం మీద పడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తారు. 122, 81, 89 కొలతల క్రేట్‌కు దాదాపు 147 కిలోలు వస్తుంది, కుక్కా క్రేటూ కలిపి తూచితే 50 కిలోలే ఉన్నా సరే. ఏజెంటు ధర చెప్పినప్పుడు ఏ క్రేట్ సైజు మీద చెప్పారో అడగండి. చౌకగా చెప్పినవాళ్లు చిన్న క్రేట్ లెక్క వేసి ఉండొచ్చు. క్రేట్‌కు నాలుగు వైపులా గాలి రంధ్రాలు, ప్లాస్టిక్ క్లిప్పుల బదులు ఇనుప నట్లు, బోల్టులు, తలుపు తీయకుండా బయటి నుంచి నింపగల నీళ్ల గిన్నె ఉండాలి. చక్రాలుంటే పీకేయాలి. ఇప్పుడే కొని తలుపు తీసి హాల్లో పెట్టండి, రోజూ అన్నం అందులోనే పెట్టండి. రెండు నెలల్లో అది వాడి గది అయిపోతుంది.

నిద్రమాత్ర మాత్రం ఇవ్వకండి. మత్తులో రక్తపోటు పడిపోతుంది, ఒంటి వేడి అదుపు తప్పుతుంది, క్రేట్ ఊగినప్పుడు కాళ్లు నిలదొక్కుకోలేడు. విమానంలో వాణ్ని చూసే డాక్టరు ఉండరు. మత్తులో ఉన్న కుక్కను చాలా ఎయిర్‌లైన్లు ఎక్కించుకోవు కూడా. నాలుగు నుంచి ఆరు గంటల ముందు తేలికగా తినిపించండి, సాయంత్రం బాగా నడిపించండి. నీళ్ల గిన్నెలో నీళ్లు పోసి ముందు రోజు ఫ్రీజర్‌లో పెడితే ఒలకకుండా మెల్లగా కరుగుతాయి. మీరు రెండ్రోజులు కట్టుకున్న, ఉతకని చున్నీ ఒకటి లోపల వేయండి, ఆ వాసన చాలు వాడికి. మధ్యలో ఆగే ఊళ్లో జంతువులకు ప్రత్యేక ఏర్పాటు ఉన్న దారి ఎంచుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అలాంటి యానిమల్ లాంజ్ ఉంది. మీరు దోహా మీదుగా వెళ్లినా కుక్కది ఇంకో దారి కావచ్చు, తప్పు లేదు.

పగ్, బుల్‌డాగ్, షీట్జూ లాంటి చప్పిముక్కు కుక్కలున్నవాళ్లు క్రేట్ కొనకముందే ఎయిర్‌లైన్‌తో మాట్లాడండి. వేడిలో వాటికి ఊపిరాడదు కాబట్టి చాలా కంపెనీలు వాటిని అసలే తీసుకోవు.

కస్టమ్స్ పన్ను అడిగారు. అమెరికాలో పెంపుడు కుక్కకు సుంకం లేదు. కార్గోలో వచ్చింది కాబట్టి క్లియరెన్స్ కాగితాల పనికి, కార్గో గిడ్డంగికి, జంతు కేంద్రానికి విడివిడిగా రుసుములుంటాయి, అవి పన్ను కాదు. అట్లాంటాలో క్లియరెన్స్ ఎవరు చూస్తారో ఆ కేంద్రాన్నే బుకింగ్ రోజున అడిగి రాతలో తీసుకోండి. అన్ని కాగితాల కాపీలు రెండు సెట్లు చేసి, ఒకటి క్రేట్ పైన ప్లాస్టిక్ కవర్లో అంటించండి, ఒకటి మీవారికి ముందే మెయిల్ చేయండి. అసలు ప్రతులు కార్గో ఏజెంటు ద్వారా విమానంతో పాటే వెళ్తాయి.

మీ టికెట్లు మార్చుకోవడమా, బ్రూనోని అమ్మగారింట్లో ఉంచి వెనకాల కార్గోలో రప్పించుకోవడమా అన్నది మీ ఇష్టం. కార్గోలో మీరు వెంట లేకపోయినా పంపొచ్చు. అలా చేసేట్టయితే టీకా, రక్తం తీయడం మీరిక్కడ ఉండగానే అయిపోతాయి. టైటర్ ఫలితం, ఏక్యూసీఎస్ పని మాత్రం వెనక ఉన్నవాళ్ల చేతిలో పడతాయి. మీ తరఫున సంతకం చేయడానికి వాళ్ల పేరిట అధికార పత్రం రాసిచ్చి, మీ పాస్‌పోర్టు కాపీ మీద సంతకం చేసి వెళ్లండి. వాణ్ని కనీసం రెండుసార్లు మీ అమ్మగారి ఇంట్లో ఆ క్రేట్‌తోనే రాత్రి పడుకోబెట్టి చూడండి.